అత్తగారి ప్రాక్టీసు డైవ్‌లు

అత్తగారు పరీక్ష కాగితం తిరిగి ఇచ్చేసరికి అల్లుడి కప్పులో కాఫీ ఇంకా సగం కూడా తగ్గలేదు.

"అప్పుడే రాసేశారా అత్తయ్యా?"

"రాసేశాను. పన్నెండో ప్రశ్నలో అచ్చుతప్పు ఉంది, పెన్సిల్‌తో దిద్దాను. ఈసారి ప్రింటు తీసేటప్పుడు చూసుకోండి అల్లుడుగారూ."

అల్లుడు ఎర్ర పెన్ను మూత తీసి కాగితం ముందేసుకున్నాడు. మూత తీయడమే దండగైంది. ఒక్క తప్పు లేదు. కొన్ని జవాబుల కింద ఆవిడ స్కేలు పెట్టి గీతలు కూడా కొట్టింది.

"నూటికి నూరు అత్తయ్యా. ఇంకేముంది, కార్డు వచ్చేసినట్టే!" అంటూ కరచాలనానికి చెయ్యి చాచాడు.

ఆవిడ ఆ చేతి వంక చూసిందే గానీ అందుకోలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో సర్దుకుని, "మరి డైవింగ్ ఎప్పుడు?" అంది.

"ఏ డైవింగ్?"

"ప్రాక్టీసు డైవింగ్. నీళ్లలోకి దించకుండానే కార్డు చేతిలో పెట్టేస్తారా ఏమిటి?"

అల్లుడు కాఫీ పక్కన పెట్టాడు. ఇది తొందరగా తేలే వ్యవహారం కాదని అతనికి అప్పుడే అర్థమైంది.

అతనూ భార్యా కలిసి నడిపే స్కూబా స్కూలు రేవు వెనక వీధిలో, పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో గోడ పొడుగునా వేలాడే రబ్బరు సూట్లు, అరల్లో మాస్కులు. వెనక గదిలో సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్. ఆ గది పూర్తిగా భార్య రాజ్యం. ఆమెని అడక్కుండా అక్కడ ఒక స్పానర్ కూడా కదలకూడదు. మధ్యలో క్లాసు గది. ఎనిమిది కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, తడిసిన పాదాల పుణ్యమా అని ఏనాడూ పూర్తిగా ఆరని కార్పెట్టు.

ఆ రోజు జరిగినది నైట్రాక్స్ కోర్సు. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక పాళ్లు ఉంటే, నైట్రాక్స్‌లో ముప్ఫై రెండో ముప్ఫై ఆరో ఉంటుంది. నైట్రోజన్ తగ్గుతుంది కాబట్టి శరీరానికి ఆ బరువు తక్కువ. సముద్రం అడుగున మరికొంత సేపు ఉండొచ్చు. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఒక లోతు దాటాక ఆ ఆక్సిజనే మనిషి మీద తిరగబడి మూర్ఛ తెప్పించగలదు. నీళ్లలో మూర్ఛ వచ్చిన మనిషి బతికి బయటపడటం గగనమే. అందుకే వాడేవాళ్లు తమ సిలిండర్‌ని తామే మీటరుతో పరీక్షించుకోవాలి, లోతు హద్దు దాని మెడ మీద టేపు అంటించి రాసుకోవాలి, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌కి కూడా ఆ ఆక్సిజన్ పాళ్లు చెప్పాలి. ఇంతే కోర్సు. ప్రాక్టీసు డైవ్‌లు పెట్టాలా వద్దా అన్నది, వాళ్ల స్కూలుకి గుర్తింపు ఇచ్చిన సంస్థ, మాస్టారి ఇష్టానికే వదిలేసింది.

మాస్టారు, అంటే అల్లుడు, ఏనాడూ పెట్టలేదు. అతను బద్ధకస్తుడు కాడు. పెట్టకపోవడానికి అతని దగ్గర కారణం ఉంది, అది నమ్మి చెప్పే కారణమే.

"అత్తయ్యా, ఆ గాలికి రుచి ఉండదు, వాసన ఉండదు. పీలుస్తుంటే తేడా కూడా తెలీదు. నీళ్లలో మీరు చేసే పనిలో ఏదీ మారదు. మారేదంతా ఒడ్డునే. మీటరు పట్టుకోవడం, టేపు అంటించడం, కంప్యూటర్ సరిచేయడం. అది ఈ గదిలోనే మీతో చేయించాను, నిద్రలో లేపి అడిగినా చెప్పేలా చేయించాను. ఇక మీరు నాలుగేళ్లుగా డైవింగ్ చేస్తున్న మనిషి. కొత్తగా సముద్రంలో నేర్పడానికి నా దగ్గర ఏముంది చెప్పండి?"

"అది దిగితేనే కదా తెలిసేది," అంది అత్తగారు.

"ఏమీ లేదని తెలుసుకోవడానికి పడవ వేసుకుని పోవాలా?"

"పోవాలి. కాగితం మీద రోడ్డు కదలదు అల్లుడుగారూ."

ఆ మాట వినగానే అల్లుడి వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఎందుకంటే ఆ మాట అతనికి కొత్త కాదు.

అత్తగారు ముప్ఫై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపింది. ఆ ఊళ్లో స్టీరింగ్ పట్టినవాళ్లలో సగం మంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. ఇరవై రెండేళ్ల వయసులో అల్లుడు కూడా ఆవిడ దగ్గర చేరాడు. రూల్సు పుస్తకం కంఠతా పట్టేశాడు. బండి మాత్రం ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాల్సి వస్తే ప్రతిసారీ వెనక్కి జారేది. "క్లచ్! క్లచ్ బాబూ! నీ కాలికి చెబుతున్నాను, నీకు కాదు!" అని ఆవిడ పక్క సీట్లో కేకలు పెట్టేది. అది కుదిరేదాకా పరీక్షకి పంపనంది. స్నేహితులంతా లైసెన్సులు తెచ్చుకుని ఊరేగుతుంటే అతనొక్కడే ఆ ఎత్తు రోడ్డు మీద కిందికీ పైకీ తిరుగుతూ ఉండేవాడు. నిజానికి అతనికి ఆ ఆలస్యం మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఆఫీసు గదిలో టైము రాసిచ్చే అమ్మాయి ఆవిడ కూతురు మరి.

పెళ్లయిన రోజు నుంచి అత్తగారు "నువ్వు" మానేసి "మీరు" అందుకుంది, "బాబూ" పోయి "అల్లుడుగారూ" వచ్చింది. "ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడైనా నువ్వు అనండి అత్తయ్యా," అని అతను ఎంత బతిమాలినా వినలేదు. మర్యాద మర్యాదే, తిట్లు తిట్లే. ఆవిడ మర్యాదగా తిట్టగలదు కూడా.

డ్రైవింగ్ స్కూలు పని మానేశాక మోకాళ్లు పట్టేయడంతో డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఈత కొలనులో నెల తిరక్కుండానే ఆవిడకి విసుగొచ్చింది. "ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి. ఎక్కడికీ పోని బస్సులా ఉంది," అని అల్లుడి స్కూల్లో చేరింది. నీళ్ల అడుగున మోకాళ్లకి బరువు తెలియదని మొదటిసారి కనుక్కున్న రోజు ఆవిడ పడవలో కూర్చుని రెండు మోకాళ్లనీ చాలా సేపు నిమురుకుంది. అల్లుడు అది ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ ఉద్యోగంలో తనకి దక్కిన గొప్ప బహుమతుల్లో దాన్ని ఒకటిగా దాచుకున్నాడు. మామగారు మాత్రం ఇంటి పట్టునే ఉంటారు. పడవ పేరు చెబితేనే ఆయనకి కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు ఆవిడా, ఈత కొలనులో కలిసిన మరో ముగ్గురు ఆడవాళ్లూ కలిసి, మునిగిపోయిన ఒక పాత సరుకు ఓడని చూడటానికి వెళ్తున్నారు. వారం రోజులు పడవ మీదే మకాం. కార్డు ఉన్నవాళ్లకే ఆ పడవ మీద నైట్రాక్స్ ఇస్తారు. గొడవంతా అక్కడ మొదలైంది.

అల్లుడు వెనక గదిలోకి వెళ్లి భార్యకి మొర పెట్టుకున్నాడు.

"మీ అమ్మ ప్రాక్టీసు డైవ్‌లు కావాలంటోంది."

"పెట్టు మరి."

"అవసరం లేదు కదా!"

"అయితే పెట్టకు."

"నువ్వు ఎవరి వైపో తేల్చి చెప్పు."

ఆమె కంప్రెసర్ ఫిల్టరు విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "ఒకరు కన్నతల్లి, ఇంకొకరు కట్టుకున్నవాడు. ఈ గొడవలో నా బంధువు ఈ కంప్రెసర్ ఒక్కటే. ఆదివారం పడవ ఖాళీగా ఉంది. నేను నడుపుతాను. మీరిద్దరూ నీళ్లలో పడి తేల్చుకోండి. అక్కడైతే కనీసం నోళ్లు మూసుకుని ఉంటారు."

ఆదివారం పొద్దున అత్తగారు అందరికంటే ముందే రేవులో ఉంది. జుట్టు బిగించి ముడేసి, రబ్బరు సూటు నడుం దాకా తొడిగి, మీటరు ముందు పెట్టుకుని కూర్చుంది. అల్లుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ముందుగా మీటరుకి బయటి గాలి చూపించింది, అంకె ఇరవై ఒకటి దగ్గర కుదురుకునేదాకా ఆగింది. తర్వాత సిలిండర్ వాల్వు పిసరంత తెరిచి మీటరు ఆనించింది. అంకె ఎక్కి ఎక్కి ముప్ఫై రెండు మీద నిలిచింది. టేపు అంటించి, దూరం నుంచి వచ్చే లారీవాడికి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో "32" అనీ, లోతు హద్దు "33 మీటర్లు" అనీ రాసింది. కంప్యూటర్ సరిచేసుకుంది. తర్వాత అల్లుడి సిలిండర్ వైపు వేలు చూపించింది.

"మీది?"

"నాది రాత్రే చూసుకున్నాను అత్తయ్యా."

"నేను చూడలేదుగా."

అల్లుడు తన సిలిండర్‌కి మళ్లీ మీటరు పెట్టాడు. పడవలోంచి భార్య కిలకిలా నవ్వింది.

మొదటి డైవ్ హాయిగా సాగిపోయింది. లంగరు తాడు పట్టుకుని దిగారు, రాళ్ల వాలు వెంట ఈదారు, చారల చేపల గుంపు ఒకటి వాళ్లని చుట్టుముట్టి చెల్లాచెదురైంది. అల్లుడు అప్పుడప్పుడూ చేతులతో ప్రశ్నలడిగాడు: ఎంత లోతు, హద్దు ఎంత, గాలి ఎంత. అన్నింటికీ ఆవిడ ఠక్కున జవాబిచ్చింది. పైకొచ్చి పడవ అంచు పట్టుకోగానే అల్లుడు మాస్కు కూడా తీయకుండా అడిగాడు.

"ఏమైనా తేడా తెలిసిందా అత్తయ్యా?"

ఆవిడ నిజాయితీపరురాలు. కాసేపు ఆలోచించింది. "లేదు."

"రుచి?"

"లేదు."

"వాసన?"

"మీ రబ్బరు గొట్టం వాసన తప్ప ఏమీ లేదు."

"నే చెప్పానా!" అల్లుడి ముఖం వెలిగిపోయింది. భార్య వైపు తిరిగి, "విన్నావా? మీ అమ్మే ఒప్పుకుంది," అన్నాడు.

"నేను ఒప్పుకుంది తేడా తెలియలేదని," అంది అత్తగారు నిచ్చెన ఎక్కుతూ. "అవసరం లేదని అన్లేదు. ఇంకొకటి ఉందిగా."

రెండు డైవ్‌ల మధ్య గంట విరామంలో వాళ్లు రొట్టెముక్కలు తిన్నారు, నారింజ పండ్లు వలుచుకున్నారు. అల్లుడు మంచి హుషారుగా ఉన్నాడు. గెలిచినట్టే అనుకున్నాడు. అత్తగారు మళ్లీ రెండు సిలిండర్లకీ మీటరు పెట్టించింది. అతను ఈసారి ఈల వేసుకుంటూ పెట్టాడు. దిగే ముందు మామూలుగా అనుకునేవి అనుకున్నారు: గాలి సగానికి రాగానే వెనక్కి తిరగాలి, తాడు దగ్గరకి వచ్చేసరికి పావు వంతు మిగిలి ఉండాలి.

రెండో డైవ్‌లో వాలు చివర దాకా వెళ్లారు. లోతు ఇరవై నాలుగు మీటర్లు, హద్దుకి చాలా ఇవతలే. అక్కడ రెండు బండల సందులో ఆవిడకి ఆక్టోపస్ కనిపించింది.

అది ఇల్లు సర్దుకుంటోంది. కన్నంలోంచి ఒక చెయ్యి బయటికి చాచి, గవ్వ ఒకటి తెచ్చి గడప ముందు పడేసింది. ఇంకో చేత్తో ఇసుక తోసింది. పడేసిన గవ్వ మీద మనసు మారినట్టు మళ్లీ లోపలికి లాక్కుంది. అత్తగారు ఇసుక మీద మోకాళ్ల మీద వాలి, రెండు చేతులూ గడ్డం కింద చేర్చి చూడటం మొదలుపెట్టింది. ఆవిడ మోకాళ్ల మీద అలా కూర్చోవడం అల్లుడు ఒడ్డు మీద ఏళ్ల తరబడి చూడలేదు. ఆక్టోపస్ రంగు మార్చుకున్నప్పుడల్లా ఆవిడ అతని మోచేతి మీద తట్టి చూపించేది. అతను ఆక్టోపస్‌ని కొంతసేపు చూశాడు, ఆవిడని ఎక్కువసేపు చూశాడు.

మధ్యమధ్యలో ఆవిడ మణికట్టు తిప్పి కంప్యూటర్ చూసుకోవడం గమనించాడు. ఎంత జాగ్రత్త మనిషి అని మనసులో మెచ్చుకున్నాడు. తనూ తన కంప్యూటర్‌లో, ఆ లోతులో ఇంకెంతసేపు ఉండొచ్చో చూపించే అంకె చూసుకున్నాడు. ఇంకా బోలెడు టైముంది. నైట్రాక్స్ మహిమే అది. మామూలు గాలైతే ఈపాటికి కంప్యూటర్ పైకి పొమ్మని గోల పెట్టేది.

ఇంకాసేపటికి మాస్టారి బుర్ర మేలుకుంది. గాలి ఎంత ఉందని వేళ్లతో అడిగాడు.

అత్తగారు నవ్వు కళ్లతోనే, సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపించే గేజీ పైకెత్తింది. ఎత్తిన గేజీ అక్కడే ఆగిపోయింది. మాస్కు వెనక ఆవిడ కళ్లలోని నవ్వు కూడా ఆగిపోయింది.

అల్లుడు ఆ ముల్లు చూశాడు. పావు వంతు కంటే పిసరు ఎక్కువ. తిరుగు ప్రయాణం సగం దగ్గరే మొదలవ్వాలి. తన గేజీ చూసుకుంటే ముల్లు సగానికి కొంచెం కిందే ఉంది. అంటే తనూ అనుకున్న హద్దు దాటేశాడు.

సిలిండర్‌లో ఉన్న గాలి ఉన్నంతే ఉంటుంది. ఆక్సిజన్ పాళ్లు పెరిగితే శరీరానికి దొరికే గడువు పెరుగుతుంది గానీ సిలిండర్ పెద్దదవదు. ఈ ముక్క అతను ప్రతి క్లాసులోనూ బోర్డు మీద రాసేవాడు. ఆ కంప్యూటర్ చూపించే పెద్ద అంకె మాత్రం మనిషిని మెల్లగా జోకొడుతుంది. ఇంకా టైముంది, ఇంకా టైముంది అంటుంది. ఇద్దరూ ఆ అంకెనే చూస్తూ కూర్చున్నారు.

కంగారుపడాల్సినంత ప్రమాదం లేదు. కంగారుపడితేనే ప్రమాదం. అతను ఆవిడ మోచెయ్యి పట్టుకుని తాడు వైపు చూపించాడు. ఆవిడ తల ఊపింది. తొందరపడకుండా, నిదానంగా ఊపిరి తీస్తూ వాలు పైకి ఈదారు. తాడు దగ్గర ఐదు మీటర్ల లోతులో ఆగి, శరీరం కుదుటపడటానికి మామూలుగా ఆగే ఆ మూడు నిమిషాలూ ఆగారు. అక్కడ అల్లుడు తన రెండో గొట్టం తీసి ఆవిడకి అందించాడు. ఆవిడ ఏ తొట్రుపాటూ లేకుండా తనది వదిలి దాన్ని నోట్లో పెట్టుకుంది. ఒకే సిలిండర్ మీద ఇద్దరూ ఊపిరి పీలుస్తూ తాడుకి వేలాడారు. ఆవిడ అతని భుజం పట్టీ గట్టిగా పట్టుకునే ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ తనని అలా పట్టుకోవడం అదే మొదటిసారని అతనికి తోచింది.

తల నీటి పైకి రాగానే ఆవిడ గొట్టం ఊడబీకి, "గేజీ చూడమని ముందే చెప్పాలి కదా నువ్వు!" అని ఒక్క అరుపు అరిచింది.

పడవలో భార్య ఉలిక్కిపడి లేచి నిలబడింది. తల్లి అరిచినందుకు కాదు, నువ్వు అన్నందుకు.

"చెప్పాలి అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "నేనూ ఆక్టోపస్‌ని చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదే."

"నీ ఒక్కడిదీ ఎలా అవుతుంది? నా గేజీ నా గుండె మీదే వేలాడుతోంది కదా! మూడుసార్లు మణికట్టు చూశాను. ఒక్కసారి, ఒక్కసారైనా గేజీ చూశానా?" ఆవిడ నిచ్చెన ఎక్కి బల్ల మీద చతికిలబడింది. నీళ్లు కారుతున్న ముఖంతో కూతురి వంక చూసి, అకస్మాత్తుగా పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "ఏడో ప్రశ్నే! పరీక్షలో అదే ఉంది. 'ఆక్సిజన్ పాళ్లు ఎక్కువుంటే సిలిండర్ ఎక్కువ సేపు వస్తుందా?' రాదు అని రాశాను. కింద గీత కూడా కొట్టాను! స్కేలు పెట్టి మరీ కొట్టాను!"

"అమ్మా, నువ్వు బాగానే ఉన్నావా?"

"బాగానా? ఇంత బాగా ఎప్పుడూ లేను. నూటికి నూరు తెచ్చుకున్న మనిషిని నేనే తప్పు చేశాను, చూశావా? ఇంతకంటే రుజువు ఏం కావాలి? తెలియక చేసిన తప్పా? కాదు. తెలిసే చేశాను. చేతికీ కంటికీ అలవాటు లేక చేశాను. అందుకే దించమన్నది!"

ఓడిపోయి అంత సంబరపడే మనిషిని అల్లుడు అంతకుముందు చూడలేదు. నవ్వుదామనుకున్నాడు గానీ, నవ్వు రాలేదు. అతనికి ఇతర ముఖాలు గుర్తొస్తున్నాయి. కిందటి నెల కార్డులు తీసుకెళ్లిన కొత్త దంపతులు. ఊపిరి బిగపట్టినట్టు మాట్లాడే ఆ టైలరు. చేపల ఫోటోలు తీయడానికి కొత్త కెమెరా కొనుక్కున్న స్కూలు టీచరు. వాళ్లందరూ ఏడో ప్రశ్నకి సరైన జవాబే రాశారు. సముద్రం అడుగున ఆ పెద్ద అంకె వాళ్లని జోకొట్టినప్పుడు పక్కన ఎవరుంటారు?

"ఏమిటలా అయిపోయారు?" అంది అత్తగారు. అప్పటికి మర్యాద తిరిగొచ్చేసింది. నాలుక కరుచుకుని, "ఇందాక కంగారులో ఏదో అనేశాను అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి," అంది.

"అదే బాగుంది అత్తయ్యా. అలాగే అనండి."

"బాగుండదు," అంది ఆవిడ ఖండితంగా. తర్వాత గొంతు తగ్గించి, "ఒడ్డు మీద పని మీరు నేర్పినట్టు ఇంకెవరూ నేర్పరు. మీటరు సంగతి నా చేతుల్లోకి ఎక్కిందంటే మీ చలవే. నేనేమైనా కాదన్నానా? మిగిలిన ఆ కాస్త కూడా మీరే నేర్పాలన్నాను, అంతే," అంది.

అతను తల దించుకుని నారింజ తొక్కలు ఏరుతూ ఉండిపోయాడు.

మర్నాడు క్లాసు గదిలో కూర్చుని అతను ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాడు. రెండు డైవ్‌లు మిగిలిపోయాయి, వచ్చి చేసి వెళ్లండి, ఏమీ ఇవ్వక్కర్లేదు అని చెప్పాడు. కొత్త దంపతులు ఎగిరి గంతేశారు. టైలరుకి అనుమానమొచ్చింది. "ఏం, నా కార్డు చెల్లదా?" అన్నాడు. "చెల్లుతుంది. నాకే మనసొప్పడం లేదు," అన్నాడు అల్లుడు. స్కూలు టీచరు అప్పటికే వేరే సముద్రానికి వెళ్లిపోయింది. ఆమెకి ఫోన్లోనే ఆక్టోపస్ కథంతా చెప్పి, గేజీ చూసుకుంటానని ఆమె చేత రెండుసార్లు అనిపించుకున్నాడు.

అందరూ మెచ్చుకున్నారని కాదు. ఆ వారమే వచ్చిన ఒక పళ్ల డాక్టరు, "నిబంధనల్లో లేని డైవ్‌లు నాకెందుకండీ? పక్క వీధి స్కూల్లో ఒక్క సాయంత్రంలో ఇచ్చేస్తున్నారట," అన్నాడు.

"ఇస్తారు. వాళ్లు మోసగాళ్లేం కాదు, నేనూ మొన్నటిదాకా అలాగే ఇచ్చాను."

"మరి ఇప్పుడేమైంది?"

"మా అత్తగారు ఫెయిలయింది," అన్నాడు అల్లుడు.

పళ్ల డాక్టరుకి అది అర్థం కాలేదు. కథంతా విన్నాక కూడా టైము లేదంటూ పక్క వీధికే వెళ్లిపోయాడు. భార్య వెనక గది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఏమైనా అంటుందేమోనని అల్లుడు చూశాడు. ఆమె నూనె మరకల చేత్తో అతని జుట్టు చెరిపి, "పడవలో ఇంకో రెండు సిలిండర్లకి చోటు చేయిస్తాను. ఆదివారాలు సరిపోయేలా లేవు," అని లోపలికి పోయింది.

అత్తగారు కార్డు తీసుకుని ఓడ చూడటానికి వెళ్లింది. వారమంతా ఫోను అందలేదు. అల్లుడు రోజుకి నాలుగుసార్లు వాతావరణం చూసేవాడు. "మా అమ్మ గురించి నాకంటే నీకే ఎక్కువ బెంగగా ఉందే," అని భార్య ఏడిపించింది. అతను బుకాయించలేదు.

వచ్చిన రోజు ఆవిడ ఇంటికి కూడా పోకుండా, సంచులన్నీ వేసుకుని సరాసరి స్కూలుకే వచ్చింది. ముక్కు ఎండకి కమిలి పొట్టు లేస్తోంది. గొంతు బొంగురుపోయింది. ముందు గదిలో బెంచీ మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"ఓడ చుక్కాని ఇంత ఉంది! ఈ గదంత! దాని మీద పగడాలు... ఆ పడవలో పదిమంది ఉన్నాం, అందరికీ కార్డులున్నాయి. మీటరు పెట్టమంటే ముగ్గురు మొహాలు చూసుకున్నారు. ఎప్పుడో నేర్చుకున్నారట, మర్చిపోయారట. గైడు కుర్రాడు పాపం ఒక్కడే ఏం చేస్తాడు?"

"అయితే నువ్వు ఊరుకున్నావా?" అని కూతురు అడిగింది, జవాబు తెలిసే.

"ఎలా ఊరుకుంటాను? రోజూ పొద్దున్నే డెక్కు మీద నా క్లాసు. మీటరు, టేపు, కంప్యూటర్. కిందకి దిగాక ప్రతి ఐదు నిమిషాలకీ అందరి గేజీలూ అడిగేదాన్ని. మూడో రోజుకి నన్ను చూడగానే వాళ్లే గేజీలు ఎత్తి చూపించడం మొదలుపెట్టారు. ఒకాయన భోజనాల దగ్గర కూడా ఖాళీ చెయ్యి ఎత్తి చూపించాడు."

అల్లుడు కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు.

"అల్లుడుగారూ, ఆ ఓడ లోపల ఇంజను గది ఉందట. లోపలికి పోవాలంటే ఇంకో కోర్సు చేయాలట. అది మీరు చెబుతారా?"

"చెబుతాను అత్తయ్యా."

"దానికి డైవ్‌లు..."

"ఉంటాయి. చాలా ఉంటాయి. కావాలంటే ఇంకా ఎక్కువ పెడతాను."

"అదీ," అని ఆవిడ తృప్తిగా గోడకి ఆనుకుంది. ఓడ వంటగదిలో కనిపించిన పింగాణీ పళ్లేల గురించి ఏదో మొదలుపెట్టి, మాట మధ్యలోనే నిద్రపోయింది. కూతురు ఆరేసిన తువ్వాలు ఒకటి తెచ్చి కప్పింది.

ఆ స్కూల్లో ఎవరి సామాను వాళ్లే కడుక్కోవాలి, మాస్టారికైనా మినహాయింపు లేదు. అల్లుడు చప్పుడు చేయకుండా ఆవిడ సంచి విప్పి, ఉప్పు పేరుకున్న మాస్కూ, కాళ్లకి తొడిగే ఫిన్సూ, గొట్టాలూ తీసుకుని పెరట్లో తొట్టి దగ్గరకి పోయాడు. మంచినీళ్లు పట్టి, ఒక్కొక్కటే ముంచి, పట్టీల సందుల్లోని ఇసుక బొటనవేలితో తుడిచాడు. సబ్బు డబ్బా కోసం అర మీద వెతుకుతుంటే, తెరిచి ఉన్న తలుపులోంచి బొంగురు గొంతు వినిపించింది.

"సబ్బు వేయకండి అల్లుడుగారూ. రబ్బరు పాడవుతుంది."

అతను తిరిగి చూశాడు. ఆవిడ కళ్లు మూసుకునే ఉంది.